కొలిచేవాడొకడు, మునిగేవాడొకడు

2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తుపానుకి హుద్‌హుద్ అని పేరు పెట్టింది మనవాళ్ళు కారు, ఒమన్ వాళ్ళు. హుద్‌హుద్ అంటే అరబ్బీలో ఒక పిట్ట పేరు. పొడుగాటి ముక్కు, నెత్తిమీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు. మన పల్లెల్లో కూడా నేలమీద పురుగులు ఏరుకుంటూ కనిపిస్తుంది. ఖురాన్‌లో సులైమాన్‌కి షీబా రాణి దేశం కబురు మోసుకొచ్చిన పిట్ట ఇదే. ఊరిని పీకి పందిరేసిన తుపానుకి ఇంత ముద్దుపేరేమిటని బహ్రెయిన్‌లో ఉన్న తెలుగువాళ్ళం ఆ రోజుల్లో విసుక్కున్నాం.

ఇంతకీ ఒమన్‌కీ విశాఖపట్నానికీ ఏమిటి చుట్టరికం? ఆ చుట్టరికం వెనక పెద్ద కథే ఉంది.

1970 నవంబరులో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో భోలా తుపాను మూడు లక్షలమందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బతో 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఆసియా దేశాల కోసం ఉన్న ఐక్యరాజ్య సమితి ఆర్థిక సంఘం కలిసి, ఈ సముద్రాల చుట్టూ ఉన్న దేశాలతో తుపాన్ల కోసం ఒక ఉమ్మడి సంఘం ఏర్పాటు చేశాయి. 1988 నుంచి ఢిల్లీలోని వాతావరణ శాఖ ఈ దేశాలన్నిటికీ ప్రాంతీయ తుపాను కేంద్రంగా పనిచేస్తోంది. 2004లో ఎనిమిది దేశాలు తలా ఎనిమిది పేర్లు ఇచ్చి 64 పేర్ల జాబితా తయారు చేశాయి. అది అయిపోవచ్చాక, 2020లో 13 దేశాలు కలిసి 169 పేర్లతో కొత్త జాబితా ఇచ్చాయి. మా బహ్రెయిన్ అందులో లేదు. ఒమన్ ఇచ్చిన పేరు మన విశాఖకి తగిలినట్టే, 2007 జూన్‌లో ఒమన్ మీద పడ్డ గోను తుపానుకి పేరిచ్చింది మాల్దీవులు. అప్పటిదాకా అరేబియా సముద్రంలో నమోదైన తుపాన్లలో అంత బలమైనది లేదు. పేరు మాల్దీవులది, హెచ్చరికలు ఢిల్లీవి, నష్టం ఒమన్‌ది.

ఇరవై ఏళ్ళుగా మనామాలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్నాను. మా వృత్తి ఎంత గొప్పగా చెప్పుకున్నా చివరికి చేసే పని ఒకటే. ఒకచోట ఉన్న సమాచారాన్ని అది అవసరమైన ఇంకోచోటికి, అవసరమైన వేళకి చేర్చటం. ఆ కంటితో తుపాన్ల చరిత్ర చదువుతుంటే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. గాలినీ నీటినీ కొలిచేవాడు ఒకచోట ఉంటాడు, మునిగేవాడు ఇంకోచోట ఉంటాడు. కొలిచినవాడికి ఆ అంకెతో పెద్ద అవసరం ఉండదు. అవసరమున్నవాడి దగ్గర ఆ అంకె ఉండదు. ఈ ఇద్దరి మధ్యా దారి ఉన్నప్పుడు జనం బతికారు, లేనప్పుడు పోయారు.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాళ్ళలో ఒకాయనకి మన తీరంతో సంబంధం ఉంది. కాకినాడ పక్కన కోరంగి ఇప్పుడు మడ అడవులకి పేరు. రెండు వందల ఏళ్ళ కిందట అది ఓడలు కట్టే పెద్ద రేవు. అక్కడినుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళ మూలాన బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. వలస వెళ్ళిన తెలుగువాడికి పరదేశంలో దొరికిన తొలి పేర్లలో అదొకటి. ఆ కోరంగిని 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ముంచేసింది. 1839లో మూడు లక్షలమంది పోయారని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. చిన్న రేవు పట్నానికి ఆ అంకె నమ్మటం కష్టం. జనాభా లెక్కలే లేని కాలం అది. ఎంతమంది ఉన్నారో తెలియనిచోట ఎంతమంది పోయారో ఎవరు చెప్పగలరు? కొలత లేనిచోట అంకెలు కథలైపోతాయి.

ఆ కోరంగి తుపాను మీద పరిశోధన రాసిన మనిషి హెన్రీ పిడింగ్టన్. ఒకప్పుడు ఓడ కెప్టెన్, తరవాత కలకత్తాలో ఓడ ప్రమాదాల మీద విచారణ జరిపే కోర్టుకి అధ్యక్షుడు. ఆయన దగ్గర ఉపగ్రహాల్లేవు, రాడార్లు లేవు, ఇంకా తంతి తీగలు కూడా లేవు. ఉన్నవల్లా ఓడల లాగ్ పుస్తకాలు. ఏ గంటకి ఓడ ఎక్కడుంది, గాలి ఎటునుంచి వీచింది, భారమితి ఎంతకి పడింది అని కెప్టెన్లు రోజూ రాసుకునే చిట్టాలవి. ప్రయాణం పూర్తయ్యాక ఆ చిట్టా ఓడ యజమాని బీరువాలోకి పోతుంది. దానితో ఆ కెప్టెన్‌కి మరి పనిలేదు. పిడింగ్టన్ ఆ చిట్టాలు అడిగి తెప్పించుకుని, ఒకే గంటకి వేర్వేరు ఓడలు చూసిన గాలిని ఒకే పటం మీద గుర్తులు పెట్టాడు. ఏ ఒక్క కెప్టెన్‌కీ కనిపించనిది అప్పుడు కనిపించింది. గాలి గుండ్రంగా, చుట్ట చుట్టుకున్న పాములా తిరుగుతోంది. పాము చుట్ట అన్న అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి ఆయన సైక్లోన్ అన్న మాట పుట్టించాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట బంగాళాఖాతపు ఓడల చిట్టాల్లోంచి వచ్చింది.

1848లో నావికుల కోసం ఆయన వేసిన పుస్తకంతో పాటు, కొమ్ముతో చేసిన పలచటి పారదర్శక పలకలు ఇచ్చేవారు. వాటిమీద గాలి వలయాలు గీసి ఉంటాయి. కెప్టెన్ ఆ పలకని తన పటం మీద పెట్టి, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుంటే తుపాను నడిబొడ్డు ఎటుందో, తాను ఎటు తప్పుకోవాలో తెలుస్తుంది. వేరెవరి కొలతలో తన ప్రాణం కాపాడుకునే సాధనంగా చేతికొచ్చాయి.

అయితే కొలత చేరినంత మాత్రాన చెవికెక్కుతుందని లేదు. కలకత్తాకి దిగువన మాతలా నది మీద కొత్త రేవు కట్టాలని కంపెనీ ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడ ఉప్పెన ముంచుతుంది, వద్దని 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. రేవు కట్టారు. పిడింగ్టన్ 1858లో పోయాడు. 1867లో తుపాను వచ్చి ఆ పోర్ట్ కేనింగ్‌ని పాడుబెట్టింది.

ఈలోగా 1864 అక్టోబరు 5న కలకత్తా తుపాను, నెల తిరక్కుండా నవంబరు 1న మచిలీపట్నం తుపాను వచ్చాయి. బందరులో సుమారు 30,000మంది పోయారంటారు. ఈ వరస దెబ్బలూ, వాటి వెనకే వచ్చిన కరువులూ చూశాక 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. రెండేళ్ళ ముందే, 1873లో, వియన్నాలో దేశాల వాతావరణ అధికారులు కూర్చుని కొలతలు అందరూ ఒకేలా తీసుకోవాలని, ఇచ్చిపుచ్చుకోవాలని మాట్లాడుకున్నారు.

ఈ పని దొరలే చేశారనుకోకండి. విశాఖపట్నంలో డాబా గార్డెన్స్‌లో 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావుగారనే జమీందారు సొంత డబ్బుతో ఒక నక్షత్రశాల కట్టించారు. మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దగ్గర శాస్త్రం నేర్చుకుని వచ్చారాయన. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపించి, నక్షత్రాలతో పాటు వానా గాలీ లెక్కలు కూడా రాయించి ప్రచురించారు. రాజులు, జమీందార్లు గుళ్ళకీ సత్రాలకీ మడులూ మాన్యాలూ ఇవ్వటం మనకి తెలుసు. రోజూ పొద్దున్నే వానలెక్క చూసి నలుగురికీ అందించటం కూడా అలాంటి దానమేనని నాకనిపిస్తుంది. ఆ గ్రహీత ఎవరో దాతకి ఎప్పటికీ తెలియదు.

ఇక నేనున్న ఈ ఒడ్డు సంగతి. గల్ఫ్‌లో పెట్రోలు పడకముందు బహ్రెయిన్ బతుకంతా ముత్యాల మీదే. ఎండాకాలం మొత్తం మగవాళ్ళు పడవల్లో సముద్రం మీదే ఉండేవారు. గాలులు, చుక్కలు, ఋతువులు పడవ సరంగులకి కంఠతా వచ్చు. కానీ అదంతా ఏ సరంగు బుర్రలోది ఆ సరంగుకే. 1925లో ముత్యాల కాలం ముగింపుకొస్తుండగా ఒక రాత్రి గాలివాన వచ్చి పడవలు పడవలే ముంచేసింది. కువైట్ నుంచి కింది దాకా ఈ తీరమంతా ఆ ఏడాదికి మునక ఏడాది అనే పేరు నిలిచిపోయింది. మన పెద్దవాళ్ళు ఫలానావాడు ఉప్పెన ఏడు పుట్టాడని చెప్పినట్టే, ఇక్కడి ముసలివాళ్ళు ఆ మునక ఏడాదిని పెట్టుకుని వయసులు లెక్కగట్టేవారు. ఈ ఒడ్డున గాలి తేడాగా ఉందని ఆ ఒడ్డుకి చెప్పే దారి లేకపోయింది.

మళ్ళీ మన ఒడ్డుకొస్తే, అందరికీ తెలిసిన 1977 నవంబరు 19 ఉంది. దివిసీమ. సుమారు పదివేలమంది పోయారు. అది పూర్తిగా కొలతలు లేని కాలం కాదు. విశాఖపట్నంలో తుపాను రాడార్ 1970 నుంచే ఉంది. రేడియో ఉంది. వాతావరణ శాఖ హెచ్చరికలున్నాయి. అవనిగడ్డ దగ్గర మా అమ్మమ్మ మేడమీదికెక్కి బతికింది. నేను పుట్టింది ఆ తరవాతే. చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా ఆవిడ చెప్పే జవాబు ఒకటే. "తుపాను అని రేడియోలో చెప్పార్రా. గాలి ఎన్ని చూడలేదు మేము! సముద్రం ఇంట్లోకొస్తుందని ఎవరు చెప్పారు?"

ఆవిడ వానాకాలం చదువు కూడా చదవలేదు గానీ, ఈ సమస్యని అంతకన్నా బాగా చెప్పిన నివేదిక నేను చదవలేదు. గాలి లెక్క చేరింది, నీటి లెక్క చేరలేదు. మనిషికి కావలసింది గాలి గంటకి ఎన్ని కిలోమీటర్లన్నది కాదు. నా గుమ్మంలోకి ఎంతెత్తు నీళ్ళొస్తాయి, ఎప్పుడొస్తాయి, నేను ఎటు పోవాలి అన్నది.

దివిసీమ తరవాత కొంత మారింది. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకెళ్ళి మబ్బుల బొమ్మలు పంపటం మొదలుపెట్టింది. తీరమంతా తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపానే కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందుగా లక్షన్నరమందికి పైగా ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యిమంది లోపు. వెయ్యి తక్కువ అంకె కాదు, కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య తేడా తొమ్మిదివేల కుటుంబాలు. 2014లో హుద్‌హుద్ నాటికి ఆంధ్రలో మృతులు వంద లోపుకి దిగారు. ఆ వానా గాలీ తగ్గాయా? లేదు. తీరంలో జనం పలచబడ్డారా? అదీ లేదు. కబురు ముందు చేరింది, చేరిన కబురుకి తగ్గట్టు మనుషులు కదిలారు.

చేరని కబురు ఏం చేస్తుందో 2004 డిసెంబరు 26న మళ్ళీ చూశాం. పొద్దున్న ఆరున్నర వేళ సుమత్రా దగ్గర భూకంపం. పావుగంటలోపే హవాయిలోని పసిఫిక్ సునామీ కేంద్రం వాళ్ళకి అది పెద్దదని తెలిసింది. మన తీరానికి అల చేరటానికి ఇంకా రెండు గంటలకి పైనే ఉంది. పసిఫిక్ దేశాలకి ఎవరికి చెప్పాలో వాళ్ళ దగ్గర పద్ధతి ఉంది. హిందూ మహాసముద్రానికి అలాంటి ఏర్పాటే లేదు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా, తమిళనాడులో వేలమంది పోయారు. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే, ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, ఇంటికి పైపు లేదు. ఆ పైపు తరవాత వేసుకున్నాం. 2007 అక్టోబరులో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం లేని ఊళ్ళో సముద్రానికి కాపలా ఏమిటని నవ్వుకున్నవాళ్ళున్నారు. 2011 నుంచి ఆ ప్రగతినగర్ కేంద్రం ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో కలిసి హిందూ మహాసముద్రపు దేశాలన్నిటికీ హెచ్చరికలు పంపుతోంది. ఈ గల్ఫ్ దాటితే కనిపించే ఒమన్ తీరానికి కబురు ఇప్పుడు తెలుగు గడ్డ మీదనుంచి కూడా వెళుతుంది.

ఇచ్చిపుచ్చుకోవటం ఇంత మేలైనదైతే అందరూ ఎందుకివ్వరు? భయం ఒక కారణం, వ్యాపారం ఇంకో కారణం. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలుకాగానే వాతావరణ కొలతలు సైనిక రహస్యాలైపోయాయి. వాన పడుతుందో లేదో తెలిస్తే శత్రువు బాంబులేస్తాడని. యుద్ధాలయ్యాక డబ్బు మాట వచ్చింది. ఖర్చుపెట్టి కొలిచింది మేము, ఊరికే ఎందుకివ్వాలని. చివరికి 1995లో ప్రపంచ వాతావరణ సంస్థ ముఖ్యమైన కొలతలు ఉచితంగా, ఆంక్షల్లేకుండా ఇచ్చుకోవాలని తీర్మానించింది. 2021లో సముద్రాలు, నదులు, వాతావరణ మార్పు లెక్కల్ని కూడా కలిపి కొత్త విధానం చేసింది.

యుద్ధంలో కూడా మాట తెగకూడదని తపించిన ప్రయత్నం ఒకటి ఈ బహ్రెయిన్‌లోనే ఉంది. ఈ సముద్రం చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు 1978లో కువైట్‌లో ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం, సముద్రంలో చమురు ఒలికినప్పుడు ఒకరికొకరు కబురు చేసుకుని సాయపడేందుకు 1982లో బహ్రెయిన్‌లో ఒక కేంద్రం పెట్టారు. మెమాక్ అంటారు. ఆ ఎనిమిదిమందిలో ఇరానూ ఉంది, ఇరాకూ ఉంది. అప్పటికి ఆ రెండూ ఒకదాన్నొకటి బాంబులేసుకుంటున్నాయి. 1983లో ఇరాన్‌వాళ్ళ నౌరూజ్ చమురు బావులు పగిలి నెలల తరబడి సముద్రంలోకి చమురు కారింది. యుద్ధం మధ్యలో బావి మూయటానికి వెంటనే ఎవరూ వెళ్ళలేకపోయారు. కాగితం మీది ఒప్పందానికి ఉన్న హద్దు అది. అయినా ఆ కేంద్రాన్ని మూసెయ్యలేదు. 1991 యుద్ధంలో కువైట్ తీరాన అంతకన్నా ఘోరమైన చమురు తెట్టు వచ్చింది. సౌదీలో జుబైల్ దగ్గర తాగునీటి కేంద్రానికి అడ్డుకట్టలు కట్టి కాపాడుకున్నారు.

ఇది ఇక్కడున్నవాళ్ళకి పుస్తకాల్లో సంగతి కాదు. ఒకప్పుడు బహ్రెయిన్‌లో ఊటబావులు పొంగేవి, సముద్రం అడుగున కూడా మంచినీటి ఊటలుండేవి, ముత్యాలవాళ్ళు మునిగి తోలుసంచుల్లో పట్టుకొచ్చేవారు. అవి చాలావరకు ఎండిపోయాయి. ఇవాళ మా కుళాయిలో వచ్చేవి ఎక్కువగా ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్ళే. ఎక్కడో చమురు ఒలికిందన్న కబురు ఒక పూట ఆలస్యమైతే అది నేరుగా మా వంటింట్లోకొస్తుంది. 2009 మేలో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ప్రపంచ విపత్తుల ముప్పు మీద మొదటి పెద్ద నివేదికని మనామాలోనే విడుదల చేశారు. పేదరికానికీ విపత్తులకీ ముడి ఎలా పడుతుందో చెప్పిన నివేదిక అది. ఆ ముడి దివిసీమవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పూరిగుడిసెలవాళ్ళు కొట్టుకుపోయారు, మేడ దొరికినవాళ్ళు మిగిలారు.

ఇంత పెద్ద పెద్ద సంస్థల మాట పక్కనపెట్టి, ఇచ్చిపుచ్చుకోవటం అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పమంటే నేను కోనసీమ లంక గ్రామాల్ని చూపిస్తాను. గల్ఫ్‌లో ఆ ఊళ్ళవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆగస్టు వచ్చిందంటే ఫోన్లో ఇంటివాళ్ళని అడిగే మొదటి ప్రశ్న, "భద్రాచలంలో ఎన్నడుగులుంది?" 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకె ఎంతుంటే తమ లంకకి నీళ్ళెప్పుడొస్తాయో, పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో వాళ్ళకి నోటిలెక్క. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. భద్రాచలం ఇవాళ తెలంగాణ, లంకలు ఆంధ్ర, ఆ నీళ్ళు మహారాష్ట్రవీ ఛత్తీస్‌గఢ్‌వీ. ఇన్ని రాష్ట్రాలు దాటి వచ్చిన ఒక్క అంకె సైతం రైతుకి అర్థమయ్యే భాషలో, అడుగుల్లో, వేళకి వస్తోంది. ఉపగ్రహాలు ఎన్ని లేపినా ఆ చివరి మెట్టు ఇలాగే ఉండాలి.

ఆ చివరి మెట్టు గల్ఫ్‌లో ఇంకా సగమే కట్టారు. 2024 ఏప్రిల్‌లో ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్‌లలో కుండపోత వాన పడింది. ఎడారి ఊళ్ళు చెరువులయ్యాయి. ఇక్కడ హెచ్చరికలు ముఖ్యంగా అరబ్బీలో, ఇంగ్లీషులో వస్తాయి. లేబర్ క్యాంపుల్లో ఉండే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవాళ్ళలో ఆ రెండూ చదవలేనివాళ్ళు ఎంతోమంది. ఆ రోజు వాళ్ళకి సంగతి తెలిసింది, తెలిసినవాళ్ళెవరో తెలుగులో నాలుగు ముక్కలు రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టబట్టి. ఏ రోడ్డు మీదికి వెళ్ళొద్దు, కరెంటు స్తంభం దగ్గర నీళ్ళలో దిగొద్దు, రేపు పనికి వ్యాను వస్తుందా రాదా. అది ఏ ప్రభుత్వమూ చేయించిన పని కాదు, జీతమిచ్చి చేయించిన పనీ కాదు.

మనవాళ్ళ సంఘాలు ఏటా ఉగాదికి హాలు మాట్లాడతాయి, అతిథుల్ని పిలుస్తాయి, సావనీర్ వేస్తాయి. వాతావరణ శాఖ చెప్పింది వేళకి తెలుగులో చెప్పే నలుగురి పేర్లు, వాళ్ళ ఫోన్ నంబర్లు క్యాంపు గోడల మీద అంటించటానికి ఆ ఖర్చులో వందో వంతు చాలు.